క్వారీ గుంత దగ్గర రెండు బోర్డులు

పక్కింటి అన్న పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా వచ్చింది. ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళుతున్నారు. ఫోను మోగింది. వాళ్లావిడ. నేను ఆమెను వదినా అని పిలుస్తాను.

"టీచరమ్మా, మీ అన్న లేస్తలేడు" అంది.

"పండుకోనియ్యి వదినా, పని మీద లేటుగ పండుకున్నడేమో" అన్నాను.

తర్వాత ఎవరో మగమనిషి ఫోను తీసుకుని, గుండె ఆగిపోయిందనీ, డాక్టరు కూడా వచ్చి చూసి వెళ్లాడనీ చెప్పాడు. నేను "సరే, సరే" అన్నాను. దేనికి సరే అన్నానో నాకే తెలియదు. హాజరుపట్టీ తీసుకుని ఏడో తరగతిలోకి వెళ్లి, సగం పేర్లు పిలిచిన తర్వాత గానీ నేను ఇప్పుడు చేయాల్సిన పని ఇది కాదని తట్టలేదు.

శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు బడి నుంచి ఇంటికి ఏళ్ల తరబడి స్కూటీ మీద తిరిగిన దారి అది. ఆ రోజు ఎక్కడ మలుపు తిరగాలో మరిచిపోయి ఒక వెంచరు లోపలికి వెళ్లిపోయి, ఇళ్లు లేని సిమెంటు రోడ్ల మీద కాసేపు తిరిగాను.

ఇంటికి వచ్చేసరికి మా గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టేశారు. నీలి మబ్బులు, రెండు తెల్ల పావురాలు, నాలుగు మూలలా గులాబీలు, మధ్యలో అన్న ఫోటో. కింద 'అశ్రు నివాలి' అని ఉంది. తెలుగు పాఠాలు చెప్పీ చెప్పీ అలవాటైన నా కళ్లకు ముందు ఆ 'లి' కనబడింది. 'ళి' ఉండాలి కదా అనుకున్నాను. తర్వాత ఫోటో కనబడింది. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది.

ఆ ఫ్లెక్సీని చూస్తే అన్న ఏమనేవాడా అని అక్కడే నిలబడి ఆలోచించాను. ఎందుకంటే అన్న చేసిన పని అదే. బోర్డులు, పెళ్లి కార్డులు, కరపత్రాలు, మిఠాయి డబ్బాల మీది బొమ్మలు గీసేవాడు. గ్రాఫిక్ డిజైనర్. నగరంలో బొమ్మల కాలేజీలో చదివి, ఒక ప్రకటనల కంపెనీలో చాలాకాలం పనిచేసి, తర్వాత ఎందుకో మానేసి వచ్చి సొంత ఇంటి ముందు గదిలోనే దుకాణం పెట్టుకున్నాడు. ఎందుకు మానేశావని అడిగితే ప్రతిసారీ ఒక్కో కారణం చెప్పేవాడు. ఒకసారి నడుంనొప్పి అన్నాడు. ఒకసారి లిఫ్టు అంటే పడదన్నాడు. ఒకసారి మాత్రం, "గాడ నేను జేసినదాన్ని ఎవలు జూస్తున్నరో నాకు కనవడకపోతుండె టీచరమ్మా" అన్నాడు.

ఏ పనికైనా అన్న వేసే మొదటి ప్రశ్న రంగుల గురించి ఉండేది కాదు. "ఎవలు జూస్తరు? యాడ నిలవడి జూస్తరు?" అని అడిగేవాడు. వచ్చినవాళ్లకు అది విసుగు. పొద్దున చెప్పి సాయంత్రానికి తీసుకుపోదామని వచ్చినవాళ్లు వాళ్లు. అన్న మాత్రం చెప్పులేసుకుని వాళ్ల దుకాణం దాకా నడిచి వెళ్లి, ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. బోర్డు పెట్టాక ఆ దారిన పోయే బస్సు ఎక్కి, కిటికీలోంచి అది చదవడానికి అందుతుందో లేదో చూసుకునేవాడు.

నాకూ ఆ పనులతో సంబంధం ఉండేది. మా రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. దాని మీదుగా కాగితం చాచి, "టీచరమ్మా, జర తప్పులు జూడు" అనేవాడు. నేను ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. కొన్ని దిద్దుబాట్లు ఒప్పుకునేవాడు. కొన్ని ఒప్పుకునేవాడు కాదు.

మా గల్లీ చివర బట్టలు కుట్టే ఆపా ఒకామె ఉంది. ఆమె బోర్డు కోసం వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"భయ్యా, మంచి హీరోయిన్ ఫోటో పెట్టుండ్రి. అందరు గదే పెట్టుకుంటున్రు" అంది ఆపా.

"నీ తానికి వచ్చేటోళ్లు చేతుల ఏం పట్టుకొని వస్తరు ఆపా?"

"ఏముంటది భయ్యా, జాకెట్ గుడ్డ, ఆది జాకెట్. కవర్ల పెట్టుకొని వస్తరు."

అన్న హీరోయిన్ని పెట్టలేదు. ఒక మామూలు ప్లాస్టిక్ కవరు, అందులోంచి బయటకు కనిపించే ఆది జాకెట్ చేయి, ఆ చేతికి వేలాడుతున్న చిన్న దారం ముక్క. అంతే గీశాడు. ఆపా దాన్ని చూసి, "యే క్యా భయ్యా, కూరగాయల దుకాణం లెక్క ఉంది" అంది. ఒక వారం పెట్టి చూడు, నచ్చకపోతే నేనే వచ్చి తీసేస్తానన్నాడు అన్న. పెట్టిన మర్నాడే ఇద్దరు ఆడవాళ్లు దాని ముందు ఆగి, చదవకుండానే, "గీడ జాకెట్లు కుడ్తరు గావచ్చు" అనుకుంటూ లోపలికి వెళ్లారు. ఎదురు కొట్లో టీ తాగుతున్న అన్న గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాడు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆపా ఈ రోజుకీ హీరోయిన్ ఉంటేనే బాగుండేదంటుంది. ఆమెకు ఇప్పుడు ఊపిరి తీసుకునే తీరిక లేదు, అయినా అదే మాట. అన్నకు ఆ సంగతి చెబితే, "నిజమే గావచ్చు. ఆమె దుకాణం, ఆమెకు తెల్వదా" అనేవాడు. తను చేసింది సరైనదని ఒక్కసారైనా గట్టిగా అంటాడేమోనని నేను ఎదురుచూసేదాన్ని. అనేవాడు కాదు.

చావు ఫ్లెక్సీల విషయం ఇంకా అర్థం కాకపోయేది. ప్రతిదానికీ అంత ఆలోచించే మనిషి, వాటికి మాత్రం అందరూ పెట్టే మబ్బులు, పావురాలు, గులాబీలే పెట్టి ఇచ్చేసేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఆ దినం వాళ్లకు కొత్తది ఏది జూపియ్యద్దు టీచరమ్మా" అన్నాడు. "కొత్తది అప్పటికే ఒకటి జరిగింది గదా."

అందుకే ఆ రోజు గల్లీ మొదట్లో నిలబడి 'లి'ని 'ళి'గా మార్పించాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోయాను. చివరికి అలాగే వదిలేశాను.

అన్న గురించి తలచుకుంటే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది క్వారీ గుంత. అది మీకు వివరంగా చెప్పాలి.

దూలపల్లి దాటి లోపలికి వెళితే, ఆ వైపంతా రాయి తీసుకుని వదిలేసిన క్వారీలు చాలా ఉన్నాయి. వానలకు నిండి నీళ్లు పచ్చగా నిలబడతాయి. ఎండాకాలంలో పిల్లలు, పెద్దలు ఈతకు దిగుతారు. అలాంటి ఒక గుంతలో ఒక ఎండాకాలం ఇంటర్ చదివే పిల్లవాడు మునిగిపోయాడు. అప్పుడు దగ్గరి కాలనీ సంఘం పెద్దమనిషి ఒకాయన అన్న దగ్గరికి వచ్చి, ఒక బోర్డు చేసిపెట్టమన్నాడు. "పుర్రె బొమ్మ పెద్దగ పెట్టు. జూస్తేనే భయమైపోవాలె" అన్నాడు.

ఆ ఆదివారం అన్న నన్నూ వదిననూ వెంటబెట్టుకుని గుంత దగ్గరికి వెళ్లాడు. అక్కడ అప్పటికే ఒక పాత బోర్డు ఉంది. 'ప్రమాద హెచ్చరిక. ఇచ్చట ఈదుట నిషేధము. ఉల్లంఘించినవారు శిక్షార్హులు.' నేను చదివి, "ఒక్క తప్పు లేదన్నా" అన్నాను.

"గందుకే ఎవలు సదువుతలేరు" అన్నాడు.

నిజంగానే దాని కిందే నిలబడి కొందరు కుర్రాళ్లు ఫోటోలు దిగుతున్నారు. అన్న వాళ్ల దగ్గరికి వెళ్లి, తానూ దిగడానికే వచ్చినట్టు అడిగాడు.

"లోతెంతుంటది తమ్మీ?"

"గంతేం లేదన్నా, నడుము దాంక" అన్నాడు ఒకడు.

"ఏం నడుమురా! ఇద్దరు మనుషులు మునుగుతరు" అన్నాడు ఇంకొకడు.

"మా కాక జెప్పిండు, తాడిచెట్టంత ఉంటదంట."

వాళ్లలో వాళ్లకే వాదన పెరిగింది. అన్న తర్వాత కూడా చాలా ఆదివారాలు వెళ్లి, మేకలు కాసేవాళ్లనూ, బట్టలుతికేవాళ్లనూ, బండ్లు కడిగేవాళ్లనూ ఇదే అడిగాడు. ఎవరి లెక్క వాళ్లది. ఎవరికీ అనుమానమే లేదు. ఏ ఇద్దరి లెక్కా కలవలేదు.

అన్న చేసిన బోర్డులో పుర్రె లేదు, ఎరుపు రంగు లేదు. తెల్లటి రేకు మీద నల్లటి అక్షరాలు. 'ఇది ఎంత లోతో ఎవలకు తెల్వది.'

గోడ మీదుగా కాగితం అందుకుని నేను ఎర్ర పెన్ను తీశాను. "'ఎవరికీ తెలియదు' అని ఉండాలన్నా. బోర్డు మీద ఇట్ల రాస్తే నవ్వుతరు" అన్నాను.

"నీ తెలుగుల రాస్తే సర్కారు జెప్పినట్టుంటది. పక్కన నిలవడ్డోడు జెప్పినట్టుండాలె."

"మరి లోతు ఉందని చెప్పాలి గదా. తెల్వదంటే ఎట్ల?"

"తెల్వదు గదా టీచరమ్మా. తెల్వనప్పుడు తెల్వదనే రాయాలె."

కాలనీ పెద్దమనిషి గొణిగాడు గానీ, పెట్టించాడు. ఆ బోర్డు పెట్టాక జరిగింది నేను నా కళ్లతో చూశాను. వచ్చినవాళ్లు దాన్ని చదివేవాళ్లు. ఒకడు ఒక లెక్క చెప్పేవాడు, ఇంకొకడు కాదనేవాడు. రాళ్లు వేసి చూసేవాళ్లు. రాయి మునిగిన తర్వాత బుడగలు చాలాసేపు వస్తుంటే అందరూ మాటలు ఆపి చూసేవాళ్లు. చొక్కా విప్పబోయిన చేతులు ఆగిపోయేవి. ఆ ఎండాకాలమంతా అన్న ముఖం వెలిగిపోయింది. దుకాణంలో పనిచేసుకుంటూ కూనిరాగాలు తీసేవాడు. "మీ అన్న పాడితే మా సంఘంల కూడ ఎవలు ఓర్వరు" అని వదిన గోడ దగ్గరికి వచ్చి నాతో నవ్వేది. వాళ్లు చర్చికి వెళ్లే కుటుంబం. ఆదివారం ఆరాధనలో అన్నను వెనక వరసలోనే నిలబెట్టేవారట.

ఆ తర్వాత వానలు పడ్డాయి. గుండ్లపోచంపల్లి వైపు గోదాములు పెరిగాయి. వాటిలో పనిచేయడానికి ఒడిశా నుంచి, బీహారు నుంచి మగపిల్లలు వచ్చి, రేకుల గదుల్లో అయిదారుగురు కలిసి ఉండడం మొదలైంది. గదుల్లో నీళ్లకు కటకట. సెలవు రోజు స్నానానికి గుంత దగ్గరికి వచ్చేవాళ్లు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కాలనీ పెద్దమనిషి ఫోను చేశాడు. అన్న ఏమీ చెప్పకుండా బండి తీశాడు. నేను వెనకాల స్కూటీ మీద వెళ్లాను. మేము వెళ్లేసరికి గుంత చుట్టూ జనం. మునిగినవాడిని అప్పటికే పైకి తీశారు. పక్కన అతని స్నేహితుడు తడి బట్టలతో నేల మీద కూర్చుని ఉన్నాడు. అతనే రెండుసార్లు దూకి వెతికాడట.

అన్న శవం వైపు చూడలేదు. బోర్డు వైపు చూస్తున్నాడు. నేనూ చూశాను. మునిగినవాడు తన చొక్కా విప్పి, తడవకుండా, మట్టి అంటకుండా, బోర్డుకే తగిలించాడు. గళ్ల చొక్కా. దాని కింద మా అక్షరాలు సగం కనబడుతున్నాయి, సగం కనబడటం లేదు. చొక్కా అడ్డం లేకపోయినా అతనికి ఒకటే. అతనికి తెలుగు రాదు.

చొక్కా జేబులో ఫోను మోగింది.

అంతమంది ఉన్నాం, ఎవరం కదల్లేదు. మోగి ఆగింది. మళ్లీ మోగింది. అన్న వెళ్లి తీశాడు. తెర మీద తల మీద కొంగు కప్పుకున్న ఒక పెద్దామె ఫోటో. ఎందుకు ఎత్తాడో తెలియదు, ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పక్కనున్న నాకు ఆమె గొంతు వినిపించింది. మాకు రాని భాష. కంగారేమీ లేదు. తీరిగ్గా, మధ్యలో చిన్నగా నవ్వుతూ, ఏదో ఇంటి ముచ్చట చెబుతోంది. అన్న వెళ్లి ఆ స్నేహితుడి చేతిలో ఫోను పెట్టాడు. అతను ఏవో నాలుగు మాటలు చెప్పి కట్ చేశాడు. కొడుకు పోయాడని చెప్పాడా, తర్వాత చేస్తాడని చెప్పాడా? నేను ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఇప్పటికీ ఆ నాలుగు మాటలు ఏమై ఉంటాయా అనిపిస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు అన్న దుకాణం తలుపు ఓరగా వేసి ఉండేది. వదిన నన్ను లోపలికి పంపింది. "నువ్వన్నా మాట్లాడు. నాతోని మాట్లాడ్తలేడు" అంది.

"నీ తప్పేముంది అన్నా" అన్నాను. అలాంటప్పుడు ఎవరైనా అనే మాటే.

"తప్పనిపిస్తలేదు టీచరమ్మా. సమజైతలేదు" అన్నాడు. "ఎవలు జూస్తరు, ఎవలు జూస్తరు అని దినాం అందరిని అడుగుత గదా. గాడ ఎవలొస్తరో నన్ను నేను అడుక్కోలే. తెలుగు సదివేటోళ్లే మనుషులనుకున్ననా ఏంది?"

అప్పుడు కాలనీ వాళ్లు బోర్డు మీద హిందీ కూడా రాయిద్దామన్నారు. అన్న ఒప్పుకోలేదు. "హిందీ సదవనోడు రేపు వస్తడు" అన్నాడు.

సాయంత్రాలు గోదాముల దగ్గరి రేకుల గదులకు వెళ్లడం మొదలుపెట్టాడు. గీసిన బొమ్మలు ఫోనులో పెట్టుకుని వెళ్లి, వాళ్లకు చూపించేవాడు. వచ్చి గోడ దగ్గర నాకు చెప్పేవాడు. పుర్రె చూపిస్తే, "కరెంటు డబ్బా మీదిది గదా" అన్నారట. రోజూ దాని పక్కనుంచే పోతున్నాం అన్నారట. మునుగుతున్న మనిషి చెయ్యి నీళ్లలోంచి పైకి లేచినట్టు గీసి చూపిస్తే, "బులా రహా హై" అన్నారట, రమ్మని పిలుస్తున్నాడని. ఇది చెప్పి అన్న నవ్వాడు. నవ్వుతూనే ఉండి ఒక్కసారిగా ఆగిపోయాడు. "వాళ్లు జెప్పింది కరెక్టే టీచరమ్మా. నా బొమ్మ గట్లనే ఉంది" అన్నాడు.

పోయినవాడు ఉన్న గదిలో ఒక మూల, స్నేహితుడు గుంత దగ్గరి నుంచి తెచ్చి పెట్టిన అతని చెప్పులు అలాగే ఉన్నాయట. గది చిన్నది, ఆరుగురు పడుకోవాలి, కాళ్లు చాపుకోవడానికి చోటు లేదు. అయినా ఆ చెప్పుల్ని ఎవరూ జరపలేదు. వాటి చుట్టూ చోటు వదిలి పడుకుంటున్నారు. అన్న అది చూసి వచ్చాడు.

కొన్ని రోజుల తర్వాత రెండు బొమ్మలు తెచ్చి గోడ మీద పెట్టాడు. రెండింటిలోనూ అదే రాతి బండ, దాని మీద మడత పెట్టిన ప్యాంటు, పక్కన జత చెప్పులు, వెనక నిశ్చలంగా నీళ్లు. మనిషి లేడు. ఒక్క అక్షరం లేదు. ఒక బొమ్మలో మాత్రం ప్యాంటు మీద ఫోను ఉంది. దాని తెర వెలుగుతోంది. తెర మీద కొంగు కప్పుకున్న ఒక ముఖం లీలగా ఉంది.

నేను దాని మీద వేలు పెట్టాను. "ఇదే అన్నా. ఫోను ఉన్నదే పెట్టు" అన్నాను.

"అందరు గట్లనే అన్నరు. ఆ దోస్తు పిలగాడు ఒక్కడే వద్దన్నడు. ఫోన్ మత్ డాలో భాయ్ అన్నడు."

"ఎందుకు వద్దన్నడు?"

"ఎందుకని నేను అడగలే." కాసేపు ఆ బొమ్మనే చూశాడు. "ఫోనుంటే జనం ఆగుతరు. మస్తు ఆగుతరు. కని గా ఫోను వాళ్లమ్మది. చెప్పులు అందరియి."

"ఫోను పెడితే ఒక ప్రాణం దక్కొచ్చు గదన్నా?"

"దక్కొచ్చు" అన్నాడు. "గదే నాకు సమజైతలేదు."

ఫోను లేని బొమ్మనే పెట్టాడు. అది సరైనదో కాదో నాకు ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు. ఒక తల్లి బాధను రేకు మీద అచ్చువేయకుండా ఆగడం గొప్పే. కానీ బోర్డు పని ప్రాణం కాపాడటం కదా. ఈ రెండూ నా లోపల ఇప్పటికీ కొట్లాడుకుంటూనే ఉన్నాయి.

కాలనీ పెద్దమనిషి దాన్ని చూసి, "గిదేందయ్యా, చెప్పుల దుకాణం పెడ్తున్నమా?" అన్నాడు. అన్న కోప్పడలేదు. ఆయన్ని బండి మీద ఎక్కించుకుని గుంత దగ్గరికి తీసుకుపోయాడు. బోర్డును నీళ్ల దగ్గర కాకుండా చాలా ముందే, బాట ఎక్కి దిగే చోట పెట్టాలన్నాడు. "గీడికి రాంగనే నీళ్లు కనవడ్తయి. అప్పుడే నడక జోరందుకుంటది. జూడు, నీది గూడ అందుకుంది" అన్నాడు. పెద్దమనిషి తన కాళ్ల వంక చూసుకుని నవ్వేశాడట. అక్కడే పెట్టారు. పాత రెండు బోర్డులూ తీసేస్తామంటే మాత్రం అన్న ఒప్పుకోలేదు. సర్కారు బోర్డుతో పాటు తన మొదటి బోర్డునూ అలాగే ఉండనిచ్చాడు.

ఆ తర్వాత ఆ గుంతలో ఎవరూ మునగలేదు. ఈ మాట రాసి ఇక్కడ ఆపేస్తే కథ చక్కగా ఉంటుంది. కానీ అదే ఏడాది ఒక పక్క ముళ్లకంచె వేశారు. గోదాముల గదులకు నీళ్ల ట్యాంకరు రావడం మొదలైంది. మరుసటి ఏడాది వానలు సరిగ్గా పడలేదు. దేని వల్ల ఆగిందో ఎవరు చెప్పగలరు? నేను ఒకసారి గోడ దగ్గర, "నీ బోర్డు వల్లనే అన్నా" అన్నాను. సంతోషపడతాడనుకున్నాను.

"దిగినోళ్లు కనవడ్తరు టీచరమ్మా. దిగకుంట పోయినోళ్లు కనవడరు" అన్నాడు. "పని చేసిందో లేదో ఎన్నటికి తెల్వని పని మనది." అని లోపలికి వెళ్లి ఎవరిదో పెళ్లి కార్డులో పేరు చిన్నదైందని గొడవ పడుతున్న వాళ్లతో మాటల్లో పడిపోయాడు.

ఖననం రోజు చర్చి పక్క సమాధుల తోటలో చాలామంది కనిపించారు. అన్న చేత బోర్డులు చేయించుకున్న బిర్యానీ హోటలాయన, ట్యూషన్ మాస్టారు, ఆపా, కాలనీ పెద్దమనిషి. అందరూ అన్న గురించి చెప్పుకుంటున్నారు. వింటుంటే ఒక్కొక్కరు ఒక్కో మనిషి గురించి చెబుతున్నట్టే ఉంది. ఒకాయన, అన్నది మొండిపట్టు, చెప్పింది వినేవాడు కాదన్నాడు. పక్కనే ఉన్నాయన, ఏది చెబితే అదే చేసేవాడు, ఎదురు మాట్లాడేవాడు కాదన్నాడు. ఆపా ఏడుస్తూనే, "నా మాట ఇనలే భయ్యా, ఒక్కసారి గూడ ఇనలే" అంది. పాస్టరుగారు మాత్రం ఆయన మంచి శ్రోత అన్నారు. ఎవరు చెప్పింది నిజం? ఎవరితో మాట్లాడితే వాళ్లకు కావలసిన మనిషై కూర్చునేవాడా? లేక మేమే మాకు కనబడినంత మేరకు అతన్ని గీసుకున్నామా?

గోదాము కుర్రాళ్లు నలుగురు వచ్చారు. మునిగినవాడి స్నేహితుడు కూడా వాళ్లలో ఉన్నాడు. అందరిదీ అయిపోయాక వాళ్లు ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేశారు. స్నేహితుడు వదిన దగ్గరికి వచ్చి "భాభీ" అన్నాడు. వదిన అతని తల మీద చెయ్యి పెట్టింది. అతనికి అన్న పేరు తెలుసో లేదో నాకు అనుమానమే.

వదిన ఇప్పుడు ముందు గది తలుపు తీసి ఉంచుతోంది. పని కోసం వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. ఆమె వాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వేరే దుకాణం దారి చూపించి పంపిస్తోంది. "తలుపు పెడితే ఇల్లు చిన్నగ అనిపిస్తున్నది టీచరమ్మా" అంది.

నాకు ఉండబట్టలేక మొన్నొక ఆదివారం క్వారీ గుంత దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఏం చూద్దామని వెళ్లానో చెప్పలేను. బాట పక్కన అన్న రెండో బోర్డు ఉంది. ఎండకు రంగు వెలిసిపోయింది. చెప్పులు ఇంకా గుర్తుపట్టేలాగే ఉన్నాయి, ప్యాంటు మాత్రం రాయిలో కలిసిపోయింది.

గుంత అంచున ఒక ఆటో ఆగి ఉంది. డ్రైవరు పైన బండ మీదే నిలబడి, పొడుగు తాడు కట్టిన బకెట్ నీళ్లలోకి విసిరి, పైకి లాగి ఆటో కడుగుతున్నాడు. పక్కనే నీళ్ల దాకా సాఫీగా దిగిపోయే దారి ఉంది. రెండడుగులు వేస్తే చేతికి నీళ్లందుతాయి. అతను ఆ దారి వైపు చూడను కూడా చూడటం లేదు. తాడు లాగీ లాగీ చెమటలు కక్కుతున్నాడు.

"తమ్మీ, కిందికి దిగి ముంచుకోరాదు? గంత కష్టమెందుకు?" అని అడిగాను.

అతను నా వైపు వింతగా చూశాడు. "ఏమోనమ్మా. ఈడ అందరు గిట్లనే తోడ్తరు" అన్నాడు.

"ఆ బోర్డు చూసి దిగుతలేరా?"

"ఏ బోర్డు?" అన్నాడు.

నేను చెయ్యి ఎత్తి చూపించబోయి ఆగిపోయాను. అతను ఇంకో బకెట్ లాగి, వెనక సీటు మీద పోసి, పాత బనీనుతో ఒక తుడుపు తుడిచాడు. తాడును చేతికి చుట్టి సీటు కింద పెట్టుకున్నాడు. ఆటో స్టార్టు చేసి, నాకు తల ఊపి వెళ్లిపోయాడు. కడిగిన ఆటో కింద నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. దుమ్ము బాట మీద ఆ తడి గీత మలుపు దాకా నల్లగా కనబడింది. నేను చూస్తుండగానే అది ఈ కొస నుంచి ఆరిపోతూ వచ్చింది.